వరుసల లెక్క: ఒక చిన్న గుర్తు చరిత్ర

మానవుడు నేర్చిన విద్యలలో లెక్కించుట మిక్కిలి ప్రాచీనమైనది. అయినను లెక్కకు పూనుకొనుటకు ముందు తేల్చుకొనవలసిన విషయ మొకటి కలదు. దేనిని లెక్కించుచున్నాము? కల్లములో బస్తాలను లెక్కించుట వేరు, ధాన్యమును మానికలతో కొలుచుట వేరు. ఊరిలో ఇండ్లను లెక్కించుట వేరు, ఇంటింటి మనుష్యులను లెక్కించుట వేరు. ఈ భేదమును మరచినవాని లెక్క, కూడికలో పొరపాటు లేకున్నను, తప్పుడు లెక్కయే యగును.

నేడు బ్యాంకులు, ఆసుపత్రులు, రైల్వేలు, ప్రభుత్వ శాఖలు తమ దస్తరములను కంప్యూటర్లలో పట్టికలుగా భద్రపరచుకొనుచున్నవి. ఆ పట్టికలను ప్రశ్నించుటకు వాడు భాష పేరు ఎస్.క్యు.ఎల్. ఒక పట్టికలో ఎన్ని వరుసలున్నవో ఆ భాషలో అడుగుటకు ప్రామాణికమైన రీతి యొకటి కలదు. 'కౌంట్' అను మాట వ్రాసి, దాని ప్రక్క కుండలీకరణములలో ఒక నక్షత్రపు గుర్తు నుంచవలెను. చూచుటకు అల్పమైన విషయము. కాని ఈ గుర్తు చుట్టును నలువది యేండ్లకు పైబడి వాదములు, అపోహలు, నియమములు పెరిగినవి. వాటి చరిత్రను తెలిసికొన్నచో, లెక్కకు ఎదుట నున్న వస్తువేదో ముందుగా చెప్పుట యెంత ముఖ్యమో బోధపడును.

ఈ కథకు పూర్వరంగము అమెరికా జనగణనలో నున్నది. ఆ దేశమున 1880లో సేకరించిన జనాభా వివరములను చేతితో వర్గీకరించి ముగించుటకు ఏడేండ్లకు పైగా పట్టెను. ఆ కార్యాలయమున పనిచేసిన హెర్మన్ హాలరిత్ అను యువ ఇంజనీరు ఈ కష్టమును కన్నులార చూచి, 1890 జనగణన నాటికి ఒక యంత్రమును సిద్ధపరచెను. ప్రతి మనిషికి ఒక అట్టకార్డు. ఆ మనిషి వయస్సు, వృత్తి, జన్మస్థలము మొదలగు వివరములకు కార్డుపై నిర్ణీత స్థానములలో రంధ్రములు. కార్డును యంత్రములో నుంచి మీట నొక్కినప్పుడు, రంధ్రమున్నచోట సన్నని సూది దూరి, క్రిందనున్న పాదరసమును తాకును. విద్యుత్తు ప్రవహించి, గడియారపు ముఖమువంటి పలకపై ముల్లు ఒక అంకె ముందుకు జరుగును. అట్టి పలకలు ఆ యంత్రమునకు నలువది యుండెను.

ఇందులో గమనింపదగిన దొకటి కలదు. కార్డు మనిషికి ప్రతినిధి. రంధ్రము ఆ మనిషిని గూర్చిన ఒక సమాచారము మాత్రమే. ఒకని వృత్తి యేదో తెలియక ఆ స్థానమున రంధ్రము పడకపోయినను, అతని కార్డు కార్డే. మనుష్యులెందరని అడిగినప్పుడు కార్డులను లెక్కింపవలెను గాని ఏదో యొక రంధ్రమును లెక్కింపరాదు. హాలరిత్ స్థాపించిన సంస్థ 1911లో మరికొన్ని సంస్థలతో కలిసి, 1924లో ఐ.బి.ఎం. అను పేరు దాల్చెను. కార్డుల స్థానమున పట్టికలను నిలిపిన భాష ఆ సంస్థ పరిశోధనశాలలోనే పుట్టుట విశేషము.

1960 ప్రాంతముల కంప్యూటర్లలో దస్తరములు గొలుసుకట్టుగా నుండెడివి. ఒక దస్తరమునుండి మరొకదానికి దారి యెటో ప్రోగ్రాము వ్రాయువాడే చెప్పవలసి వచ్చెడిది. దారి మారినచో ప్రోగ్రామును తిరిగి వ్రాయవలెను. కాలిఫోర్నియాలోని సాన్ హోసే నగరమున ఐ.బి.ఎం. పరిశోధనశాలలో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ అను ఆంగ్లదేశీయ గణితవేత్త 1970లో ఒక వ్యాసమును ప్రకటించి, ఈ చిక్కునకు పరిష్కారము చూపెను. సమాచారము నంతటిని పట్టికలుగా భావింపుడనియు, ప్రతి పట్టికను గణితశాస్త్రములోని సమితిగా పరిగణింపుడనియు ఆయన సూచించెను. సమితిలో సభ్యుల క్రమమునకు ప్రాధాన్యము లేదు. ఒకే సభ్యుడు రెండుమారులు ఉండుటకు వీలు లేదు. కావలసిన దేమో చెప్పిన చాలును, దానిని వెదకు దారిని యంత్రమే చూచుకొనును. కాడ్ ఆలోచనలో వరుసల లెక్క మిక్కిలి సులభము. సమితిలో ఎందరు సభ్యులో అంతే లెక్క.

కాని గణితము నుండి వాడుకలోనికి దిగినప్పుడు కొన్ని రాజీలు తప్పలేదు. అదే పరిశోధనశాలకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అను ఇరువురు 1974లో ఒక ప్రశ్నల భాషను ప్రకటించిరి. సామాన్యమైన ఆంగ్ల వాక్యమువలె చదువుకొనదగిన ఆ భాషకు సీక్వెల్ అని పేరిడిరి. బాయిస్ ఆ సంవత్సరమే అకాల మరణము నొందెను. ఆ పేరును ఒక బ్రిటిష్ విమాన నిర్మాణ సంస్థ వ్యాపార చిహ్నముగా ముందే గైకొని యుండుటచే, తరువాత అది ఎస్.క్యు.ఎల్. అయ్యెను.

ఈ భాష కాడ్ సిద్ధాంతమునుండి ఒకచోట వైదొలగినది. ఒకే విధమైన వరుసలు రెండుగాని అంతకంటె ఎక్కువగాని ఉండుటకు అది అంగీకరించినది. నకళ్ళను తొలగింపవలెనన్న వరుసల నన్నింటిని పోల్చి చూడవలెను, ఆనాటి యంత్రములకు అది భారమైన పని. అక్కరయున్నవారు తొలగింపుమని ప్రత్యేకముగా అడుగవచ్చునని నిర్మాతల అభిప్రాయము. కాడ్ దీనిని జీవితాంతము విమర్శించుచునే యుండెను. న్యాయ మెవరి పక్షమున నున్నను, ఫలిత మొకటి కలిగెను. 'ఎన్ని వరుసలు?' అనునదియు, 'ఎన్ని వేర్వేరు విలువలు?' అనునదియు వేరువేరు ప్రశ్నలైనవి.

మూడవ ప్రశ్న శూన్యపు గడినుండి పుట్టినది. పట్టికలో ఒక గడి నింపబడలేదనుకొందము. దానిని ఈ భాషలో 'నల్' అందురు. నల్ అనగా సున్న కాదు. సున్న ఒక సంఖ్య, అది తెలిసిన విషయము. నల్ అనగా విలువ తెలియదనియో, లేదనియో చెప్పుట. కాడ్ 1979లో ప్రకటించిన మరొక వ్యాసమున ఈ తెలియని విలువలను గూర్చి చర్చించి, నిజము, అబద్ధములతోపాటు 'తెలియదు' అను మూడవ నిర్ణయమును గూడ తర్కములో చేర్చెను. ఈ నల్ వలన మేలెంత కలిగినదో, గందరగోళమును అంతే కలిగినదని చెప్పు పండితులు నేటికిని కలరు.

ఈ మూడు ప్రశ్నల భేదము ఒక ఉదాహరణముతో స్పష్టమగును. ఒక గ్రామమున వృద్ధాప్యపు పింఛను పొందువారి పట్టిక యున్నదనుకొందము. అందు వరుసలు 100. పేరు, వయస్సు, టెలిఫోను నంబరు అని కాలమ్‌లు. టెలిఫోను లేని వృద్ధులు 17 మంది, వారి గడులు శూన్యము. తక్కిన 83 మందిలో కొందరు ఒకే ఇంటి నంబరును వ్రాయించుటచే, వేర్వేరు నంబరులు 80 మాత్రమే. ఇప్పుడు నక్షత్రపు గుర్తుతో లెక్క అడిగినచో 100 అని వచ్చును. టెలిఫోను కాలమ్ పేరు వ్రాసి అడిగినచో 83. వేర్వేరు నంబరులెన్నియని అడిగినచో 80. మూడును సరియైన సమాధానములే. కాని 'పింఛను పొందువారెందరు?' అను ప్రశ్నకు మాత్రము 100 ఒక్కటే సమాధానము. తొందరలో కాలమ్ పేరు వ్రాసినవాడు 17 మంది వృద్ధులను లెక్కనుండి తొలగించినవా డగును. యంత్రము అభ్యంతరము చెప్పదు, తప్పని ఎఱ్ఱగీత గీయదు. 83 అని నిబ్బరముగా చూపును.

ఇక ప్రమాణముల సంగతి. ఈ భాషను అనేక సంస్థలు తమతమ రీతుల అమ్ముచుండుటచే ఒక ఉమ్మడి మర్యాద యవసరమయ్యెను. అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ 1986లోను, అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 1987లోను దీనికి వ్యాకరణమును నిర్ణయించినవి. ఆ తొలి వ్యాకరణమున లెక్కకు రెండు రూపములే కలవు. ఒకటి నక్షత్రపు గుర్తుతో వరుసలను లెక్కించుట. రెండవది ఒక కాలమ్‌లోని వేర్వేరు విలువలను లెక్కించుట. నకళ్ళతో సహా ఒక కాలమ్‌లోని విలువలను లెక్కించు మూడవ రూపమునకు ఆ తొలి ప్రమాణమున చోటు లేదు. 1992 నాటి ప్రమాణమున అది చేరెను. కావున వరుసల లెక్కకు నక్షత్రపు గుర్తు ప్రమాణములో మొదటినుండియు నున్నది. కాలమ్ లెక్క దానికి ప్రత్యామ్నాయముగా రాలేదు, వేరొక ప్రశ్నకు సమాధానముగా వచ్చినది.

ఇంత స్పష్టముగా నున్నను వాడుకలో వేరొక రూపము వ్యాపించెను. నక్షత్రపు గుర్తునకు బదులుగా 1 అను అంకెను వ్రాయుట. ఇట్లు వ్రాసిన లెక్క త్వరగా ముగియునని చెప్పుకొనిరి. ఒరకిల్ అను డేటాబేస్ వాడుకరులలో ఈ నమ్మకము మిక్కిలి బలముగా నుండెను. పెద్దలు చెప్పగా విని పిన్నలు వ్రాయుట, వారు పెద్దలై తరువాతివారికి చెప్పుట, ఇట్లు ఒక తరమునుండి మరొక తరమునకు అది సంక్రమించెను.

ఈ నమ్మకమునకు కారణము లేకపోలేదు. నక్షత్రపు గుర్తు ఈ భాషలో రెండు చోట్ల రెండు పనులు చేయును. వరుసలను తెచ్చి చూపుమని చెప్పునప్పుడు నక్షత్రము వ్రాసినచో 'కాలమ్‌ల నన్నింటిని తెమ్ము' అని యర్థము. అవసరము లేని కాలమ్‌లను మోసికొని వచ్చుట దండుగ గనుక, అట్లు వ్రాయవద్దని అన్ని నియమావళులును హెచ్చరించుచున్నవి, అది సముచితమే. ఆ హెచ్చరికను విన్నవారు లెక్కలోని నక్షత్రము గూడ కాలమ్‌ల నన్నింటిని చదివించునని భ్రమించిరి. కాని లెక్కలోని నక్షత్రమునకు అట్టి యర్థము లేదు. అది 'వరుస' అని మాత్రమే చెప్పును. ఏ గడిలోనికిని తొంగిచూడుమని అది కోరదు.

యంత్రమెరిగినవారు ఈ విషయమును పలుమారులు నిరూపించి చూపిరి. ఒరకిల్ యంత్రము 1 అని వ్రాసినదానిని లోలోపల నక్షత్రముగానే మార్చుకొనును. మైసీక్వెల్ డేటాబేస్ వాడుక గ్రంథము తన ఇన్నోడీబీ భాండారమున ఈ రెండు రూపములకును వేగములో భేదము లేదని సూటిగా ప్రకటించినది. కాబట్టి 1 వ్రాయుట వలన కలుగు లాభము లేదు. నష్టము మాత్రము కలదు. చదువువాడు ఆ అంకె యేమిటాయని ఆగును. వరుసల క్రమమును నిర్ణయించు వాక్యములో 1 అనగా మొదటి కాలమ్ అని యర్థమగుటచే, ఇచటను మొదటి కాలమ్‌నే లెక్కించుచున్నారేమోయని సందేహించును. నిజమునకు ఇచటి 1 ఉత్త అంకె, అది యెన్నడును శూన్యము కాదు గనుక ప్రతి వరుసయు లెక్కకు వచ్చుచున్నది. సరియైన ఫలితమును చుట్టుదారిన తెచ్చుటయే ఇది.

నక్షత్రమునకు మందకొడియను అపవాదు మరొక కారణముచేతను కలిగెను. మైసీక్వెల్‌లో పూర్వము వాడుకలో నున్న మైఐసామ్ భాండారము, పట్టికలోని వరుసల సంఖ్యను ఒక మూల వ్రాసి యుంచుకొనెడిది. అందుచే షరతు లేని లెక్క నడిగినంతనే సమాధానము వచ్చెడిది. 2010లో వెలువడిన అయిదున్నర సంచికనుండి ఇన్నోడీబీ మామూలు భాండార మయ్యెను. అది అట్టి సంఖ్యను వ్రాసి యుంచదు, అడిగినప్పుడు లెక్కించును. అంతకుముందు క్షణములో వచ్చిన సమాధానము ఆలస్యమగుట చూచి, వాడుకరులు తప్పు నక్షత్రముపై మోపిరి.

ఆ ఆలస్యములో న్యాయమున్నది. ఇన్నోడీబీలో ఒకే సమయమున అనేకులు పట్టికను మార్చుచుందురు. ఒకడు పది వరుసలు చేర్చి ఇంకను ఖాయపరుపక యుండవచ్చును. వానికి ఆ పది వరుసలు కనబడవలెను, ఇతరులకు కనబడరాదు. అట్టిచోట అందరికిని చెల్లు సంఖ్య యొకటి యేది? అడుగువానిని బట్టి, అడుగు క్షణమును బట్టి సమాధానము మారును. కావున ప్రతిసారియు లెక్కింపవలసినదే. ఆలస్యమునకు కారణము వ్రాసిన రీతి కాదు, పని యొక్క స్వభావము.

అయితే నక్షత్రమునే అంతట వాడవలెనని గుడ్డిగా పట్టుపట్టుటయు సరికాదు. గ్రామముల పట్టికను పింఛనుదారుల పట్టికతో జోడించి, గ్రామమునకు ఎందరు పింఛనుదారులో తెలిసికొనదలచితి మనుకొందము. పింఛనుదారు లెవ్వరును లేని గ్రామము గూడ జాబితాలో నుండవలెనని జోడింపును ఎడమవైపు జోడింపుగా వ్రాయుదురు. అప్పుడు ఆ గ్రామమునకు ఒక వరుస వచ్చును, అందు పింఛనుదారుని గడులు శూన్యముగా నుండును. ఇచట నక్షత్రముతో లెక్కించినచో, ఎవ్వరును లేని గ్రామమునకు ఒక్కడు కలడని వచ్చును. పింఛనుదారుని సంఖ్య కాలమ్‌ను లెక్కించినప్పుడే సున్న వచ్చును. ముందు చెప్పిన ఉదాహరణములో కాలమ్ లెక్క ఉన్నవారిని లేరనెను, ఇచట నక్షత్రపు లెక్క లేనివానిని కలడనును. కావున మర్యాదలోని సారము గుర్తులో లేదు. అడుగు ప్రశ్నకు తగిన రూపమును ఎన్నుకొనుటలో నున్నది. వరుసలను గూర్చి అడిగినచో నక్షత్రము, విలువలను గూర్చి అడిగినచో కాలమ్ పేరు.

ఈ వివేకమును నియమముగా వ్రాసి పెట్టినవారిలో చైనాకు చెందిన ఆలీబాబా సంస్థ ఇంజనీర్లను పేర్కొనవచ్చును. 2017లో వారు ప్రకటించిన నియమావళిలో, నక్షత్రమునకు బదులుగా కాలమ్ పేరునుగాని స్థిరాంకమునుగాని వాడరాదని తప్పనిసరి నియమముగా చేర్చిరి. నక్షత్రపు రూపము 1992 ప్రమాణమున నిర్ణయింపబడినదనియు, ఏ యొక్క డేటాబేస్‌కో పరిమితము కాదనియు, శూన్యపు గడులతో దానికి సంబంధము లేదనియు వారు చూపిన కారణములు. పైన చెప్పినట్లు ఆ రూపము 1986 ప్రమాణమునందే కలదు గనుక, వారి నియమమునకు వారు చెప్పినదానికంటె ప్రాచీనమైన ఆధారమే యున్నది. ఆ నియమావళిలోనే మరొక హెచ్చరిక కలదు. ఒక కాలమ్‌లోని గడులన్నియు శూన్యములైనచో దాని లెక్క సున్న యగును గాని, దాని కూడిక మాత్రము సున్న కాదు, నల్ అగును. ఈ భేదమును ఎరుగక వ్రాసిన ప్రోగ్రాములు హఠాత్తుగా ఆగిపోవుట కద్దు.

ఇట్టి నియమములు దేనికి, ఫలిత మొకటే యైనప్పుడు ఎట్లు వ్రాసిన నేమి యని కొంద రనవచ్చును. ఫలిత మొకటిగా నుండుట నేటి సంగతి. పట్టికలు స్థిరముగా నుండవు. నేడు టెలిఫోను నంబరు లేనిదే వరుసను చేర్చరాదను నిబంధన యున్నదనుకొందము. అప్పుడు కాలమ్ లెక్కయు, వరుసల లెక్కయు సమానము. రెండేండ్లకు, టెలిఫోను లేనివారికిని అవకాశము కల్పింపవలెనని ఆ నిబంధనను సడలింతురు. ఉద్దేశము ఉదారమైనది. కాని ఆనాడు కాలమ్ పేరుతో వ్రాసిన లెక్క ఎక్కడో లోపల పనిచేయుచునే యుండును. కొత్తగా చేర్చుకొన్నవారు పట్టికలో నుందురు, మొత్తములో నుండరు. ఆ మొత్తమును బట్టి నిధులు విడుదలయగునెడల కొరత ఎవరికి పడునో చెప్పనక్కరలేదు. ఏ గడి నింపుటకును స్తోమతలేని వారికే పడును. వరుసను వరుసగా లెక్కించినవాని ప్రోగ్రాము మాత్రము నిబంధన మారినను సరియైన సంఖ్యనే ఇచ్చును.

ఈ భాషను వ్రాయని సామాన్యులకును ఇందు గ్రహింపదగిన దున్నది. ఇంత మంది లబ్ధిదారులు, ఇన్ని రోగములు, ఇన్ని దరఖాస్తులు అని సంఖ్యలు ప్రకటింపబడినప్పుడు మనము వానిని ప్రశ్నింపక స్వీకరింతుము. ప్రతి సంఖ్య వెనుకను ఎవరో యొకరు వ్రాసిన ఒక చిన్న వాక్యమున్నది. ఆ వాక్యము వరుసలను లెక్కించినదా, నింపిన గడులను మాత్రమే లెక్కించినదా యని అడుగు హక్కు అందరికిని కలదు. లెక్క వ్రాయువారు ఆ ప్రశ్నకు నోటితో బదులు చెప్పనక్కరలేకుండ, వ్రాతలోనే బదులు కనబడునట్లు వ్రాయుటకే ఈ నక్షత్రపు గుర్తును ప్రమాణముగా నిలిపినారు.